ఐదో మంచం

"పన్నెండింటికి జీపు వస్తుంది కెప్టెనమ్మా. మీ చేతిలో గంటన్నర ఉంది. గంటన్నరలో దేవుడు కూడా జరిగినదాన్ని జరగలేదనిపించలేడు. మీరు ప్రయత్నించండి, నాకేం అభ్యంతరం లేదు."

మేజర్ కుబాత్ కుర్చీలోంచి లేవకుండానే ఈ మాటలన్నాడు. ప్రాంతీయ ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి నిన్న సాయంత్రం దిగిన మనిషి. వచ్చీ రాగానే కంటి ఆస్పత్రిలో ఉన్న ఒకే ఒక్క మంచి గదిని ఆక్రమించుకున్నాడు. అతని ముందు బల్ల మీద అరెస్టు కాగితం ఉంది. సంతకం ఒక్కటే తరువాయి.

కెప్టెన్ బురుల్ నిలబడే కాగితం చదివింది. ఉల్జాన్, ఇరవై ఆరేళ్ళు, కోక్‌సాయ్ కంటి ఆస్పత్రి నర్సు. మంగళవారంనాడు ఓరోజ్ అనే ఎనభై ఒక్క ఏళ్ళ ముసలాయన్ని, కుటుంబకక్షతో, వేరే రోగికి చెయ్యాల్సిన ఆపరేషన్‌కి పంపింది. బాగున్న కంటిని కొయ్యడంతో ఆయన కుడికన్ను పోయింది. ఎడమది నలభై ఏళ్ళ క్రితమే పోయింది.

ఈ పొద్దున బురుల్ ఓరోజ్ ఇంటికి వెళ్ళింది. ఆయన కోపంగా ఉంటాడనుకుంది. ఆయన కోపంగా లేడు. తెల్లారిందా అని రెండుసార్లు అడిగాడు, అంతే. కోపమంతా కొడుకులది. వాళ్ళు ఇప్పుడు ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"కక్ష అంటే?"

"వేసవి మేత. రెండేళ్ళ క్రితం ఈమె మొగుడికీ ఓరోజ్ కొడుకులకీ కొండమీద గొర్రెల దగ్గర తలలు పగిలాయి. ఊరంతా సాక్ష్యం."

"కత్తి పట్టింది డాక్టరు కదా?"

"ఆ డాక్టరు రాజధానినుంచి నెలకోసారి వస్తాడు. ఒక్క పూటలో ఆరు కళ్ళు కోసి వెళ్ళిపోతాడు. మొహం మీద గుడ్డ, గుడ్డకి చిల్లు, చిల్లులో కన్ను. ఆయనకి కనిపించేది ఆ చిల్లు ఒక్కటే. ఏ మనిషిని లోపలికి తేవాలో, ఏ కనుబొమ్మ మీద సిరాచుక్క పెట్టాలో, అదంతా నర్సు పని. చుక్క పెట్టింది నేనే అని తనే ఒప్పుకుంది. ఇంకేం కావాలి మీకు, సినిమా తీసి చూపించాలా?"

"డాక్టరు ఏమంటున్నాడు?"

"నిన్నటినుంచి ఫోను ఎత్తడం లేదు."

"ఎత్తనివాణ్ణి వదిలేసి, ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకున్నారన్నమాట."

కుబాత్ నవ్వాడు. "పిల్లని పిలుస్తాను. అడగాల్సింది అడగండి."

ఉల్జాన్ వచ్చి బల్ల ముందు కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తెల్లకోటు ఛాతీ దగ్గర రెండు తడిమచ్చలున్నాయి. గది బయట ఒక పసిబిడ్డ గొంతు బొంగురుపోయేదాకా ఏడుస్తోంది. ఏడుపు వచ్చిన ప్రతిసారీ ఉల్జాన్ భుజం ఆ వైపుకి కొంచెం తిరుగుతోంది. ఆ మచ్చలు ఏమిటో బురుల్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎన్ని నెలలు?"

"ఐదు, అక్కా."

"పాలిచ్చి ఎంతసేపయింది?"

"తెల్లారినప్పుడు. మధ్యలో లేవొద్దన్నారు మేజర్‌గారు."

బురుల్ వెళ్ళి తలుపు తెరిచింది. ఎదురుగా బెంచీ మీద ఉల్జాన్ అత్తగారు బూబూష్ బిడ్డని ఊపుతూ కూర్చుని ఉంది. బురుల్ బిడ్డని తీసుకొచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. తలుపు వెయ్యలేదు. ఏడుపు ఆగింది. బిడ్డ గుటకల చప్పుడు మాత్రం మిగిలింది.

"ఇప్పుడు చెప్పు. మంగళవారం. మొదట్నుంచి, టైములతో."

"ఎనిమిదీ పదికి వ్యాను వచ్చింది. ఏడుగురు. కింద గదిలో గుమాస్తా పేర్లు రాసుకుని, మంచం నంబరు చెప్పి పైకి పంపాడు. ఆరుగురికి పొర తీసే ఆపరేషన్. ఒకరికి సూది."

"సూది ఎవరికి?"

"ఓరోజ్‌గారికి. రెండో మంచం. ఎడమకన్ను."

"పోయిన కంటికి సూదెందుకు?"

"కన్ను చచ్చిపోయింది కానీ నొప్పి చావలేదక్కా. కంటి వెనక మందు వేస్తే నరం చచ్చుబడిపోతుంది. ఇక నొప్పి తెలియదు."

"చూపున్న కంటికి వేస్తే?"

ఉల్జాన్ భయంగా చూసింది. "వెయ్యరు. ఆ చూపు కూడా పోతుంది."

"తర్వాత?"

"తొమ్మిదింటికి అందరికీ టీ ఇచ్చి నేను కింద పనిముట్లు మరిగించడానికి వెళ్ళాను. తొమ్మిదీ నలభైకి పైకొచ్చి చుక్కలు పెట్టాను. పదింటికి మొదటివాళ్ళని తీసుకెళ్ళాను."

"చుక్క పెట్టినప్పుడు ఆయన ఓరోజ్ అని తెలీదా నీకు?"

"నేను ఈ ఊరికి కోడలిగా వచ్చి రెండేళ్ళు కాలేదు. ఆయన కొడుకుల్ని చూశాను, ఆయన్ని చూడలేదు. బిడ్డ మీద ఒట్టు."

"ఒట్లు ఆపు," అన్నాడు కుబాత్. "గోడమీద ఏం రాసుంది? నువ్వే అంటించావుట."

గోడమీద కాగితం బురుల్‌కీ కనిపిస్తోంది. పేరు పిలవాలి. అవునని రోగి తన నోటితో అనాలి. అప్పుడే చుక్క పెట్టాలి.

కుబాత్ ఇంకో కాగితం బల్లమీదికి తోశాడు. ఆపరేషన్ల లిస్టు. ఆరు వరసలు. ప్రతి వరస చివరా, పేరు అడిగాను అనడానికి గుర్తుగా ఒక టిక్కు. ఐదో మంచం వరసలో మాత్రం ఆ గడి ఖాళీ.

"అయిదుగురిని అడిగింది. ఒక్కణ్ణి అడగలేదు. ఆ ఒక్క చోటే ఓరోజ్ దూరాడు. దీన్ని పొరపాటంటారా మీరు? ఎందుకు అడగలేదమ్మా అంటే నోరు విప్పదు. పదిసార్లు అడిగాను."

బురుల్ లిస్టు ఉల్జాన్ ముందు పెట్టింది. "చదువు. పైకి."

ఉల్జాన్ గొంతు సవరించుకుంది. "ఒకటో మంచం, మొమూన్, ఎడమకన్ను. మూడో మంచం, కాలిచా, ఎడమ. నాలుగో మంచం, ఇసాబెక్, ఎడమ. ఐదో మంచం... కుడి. ఆరో మంచం..."

"ఆగు. ఐదో మంచం, పేరు?"

ఉల్జాన్ కళ్ళు కాగితం మీదినుంచి లేచాయి. లేచి, తెరిచి ఉన్న తలుపు వైపు ఒక్క రెప్పపాటు వెళ్ళి, మళ్ళీ కిందికి దిగాయి.

"కుడికన్ను," అంది మళ్ళీ.

"చూశారా!" కుబాత్ బల్లమీద చెయ్యి చరిచాడు. "నాలుగేళ్ళు నర్సు చదువు చదివింది. ఆరు పేర్లు చదవలేదు!"

బురుల్ ఆ పేరు కళ్ళతోనే చదువుకుంది. తాష్తాన్.  లేచి వసారాలోకి వెళ్ళింది.

"పెద్దమ్మా, మీ ఆయన పేరేమిటి?"

బూబూష్ తలగుడ్డ అంచుతో నోరు మూసుకుంది. "అదేం ప్రశ్న తల్లీ. మా ముసలాయనే."

"పేరు కావాలి."

"నా నోటితోనా? యాభై ఏళ్ళయింది కాపరానికొచ్చి. ఒక్కసారన్నా అన్నానేమో ఊళ్ళో అడుగు. నాదాకా ఎందుకు, నా కోడలు చూడు, పట్నంలో చదివొచ్చింది, అయినా మామగారి పేరు గాలికి కూడా వినపడనివ్వదు. అలాంటి పిల్లని జైల్లో పెడతారా మీరు?" అంటూ ఆమె ఒళ్ళోంచి మడతపెట్టిన అర్జీ తీసి ఇచ్చింది. "మా ఆయన వేలిముద్ర వేసి పంపాడు. పేరు అందులో ఉంది, చూసుకో."

బురుల్ చూసుకుంది. తాష్తాన్.

ఆమె కూడా ఒక ఇంటి కోడలే. పదకొండేళ్ళలో మామగారి పేరు పలకలేదు. ఒకసారి అదే పేరున్న గొర్రెలదొంగ దొరికితే, కానిస్టేబులు చేత పిలిపించి, తను గోడవైపు తిరిగి నిలబడింది. స్టేషనంతా నవ్వారు. ఆవేళ అది నవ్వులాటే.

గదిలోకి వచ్చి అర్జీ కుబాత్ ముందు పెట్టింది. "ఐదో మంచానికి రాసిన రోగి పేరూ, ఈమె మామగారి పేరూ ఒకటే. ఆవేళ అత్తగారెక్కడున్నారు ఉల్జాన్?"

"వసారాలో. పాపని ఎత్తుకుని." ఉల్జాన్ తల ఎత్తలేదు. "పేరు పిలవలేకపోయానక్కా. అందుకని, ఐదో మంచం పెద్దాయనా రండి, అన్నాను. లేచి వచ్చారు. అవునా అని అడగడానికి పేరు ఉండాలి కదా. అడగలేదు."

"మరి మూడు రోజులుగా మాతో ఎందుకు చెప్పలేదు?"

"ఎందుకు పిలవలేదో చెప్పాలంటే ఎవరి పేరో చెప్పాలి."

కుబాత్ అర్జీని పక్కకి తోశాడు. తర్వాత పెదవి విరిచాడు. "మామగారి మర్యాద కోసం ఇంకొకడి కన్ను తీసింది. ఇదేనా మీ కథ? కోర్టులో చెప్పండి, జడ్జి కూడా కాసేపు నవ్వుకుంటాడు."

"మీ ఆవిడ మీ నాన్నగారి పేరు పలుకుతుందా మేజర్?"

"అది వేరు."

"ఏం వేరు?"

"మా ఆవిడ కళ్ళు కొయ్యదు!" అతని గొంతు లేచింది. "సరే, పేరు పిలవలేదు. ఒప్పుకున్నా. కానీ రెండో మంచంలో ఉండాల్సిన ఓరోజ్ ఐదో మంచంలోకి ఎలా వచ్చాడు? ఎగిరి వచ్చాడా? పిలవకపోవడం మర్యాద అనుకుందాం, పడుకోబెట్టడం ఎవరి మర్యాద?"

ప్రశ్న సరైనదే. బురుల్ గడియారం చూసింది. పదకొండూ పది. "వార్డు చూద్దాం రండి."

వార్డులో ఏడు మంచాలు. గుమ్మం పక్కన ఒకటీ రెండూ. గుమ్మానికి సూటిగా ఎదురుగా, పొయ్యిగొట్టం పక్కన, ఐదు. నంబరు బిళ్ళలు మంచాలకి లేవు, రోగుల చేతులకీ లేవు. గోడకి మేకులతో కొట్టి ఉన్నాయి. రెండో మంచం మీద బురుల్ చెయ్యి పెట్టింది. తలుపుకింద సందులోంచి చలిగాలి వచ్చి వేళ్ళకి తగిలింది. ఐదో మంచం మీద రెండు మందపాటి పరుపులు, ఒకదాని మీద ఒకటి. మిగతా అన్నింటికీ ఒక్కొక్కటే. ఏడో మంచానికి అదీ లేదు.

నాలుగో మంచం మీద ఒక ముసలాయన కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఎడమకంటికి కట్టు. వ్యాను మళ్ళీ రాక ఇక్కడే ఉండిపోయిన ఇసాబెక్.

"తాతా, ఆ ఏడో మంచం పరుపు ఐదో మంచం మీదికి ఎవరు మార్చారు?"

"నేనే. ఆ పరుపు కూడా కేసేనా? తీసుకెళ్ళండి దాన్ని కూడా జైలుకి. ఇక్కడికంటే అక్కడ తిండి బాగుంటుందేమో."

"ఎవరికోసం మార్చారు?"

"ఓరోజ్ కోసం. ఏడో మంచంవాడే ఇచ్చాడు. మాలో అందరికంటే పెద్ద. ఆయన కర్ర పట్టుకుని లోపలికొస్తే మేం గుమ్మం పక్క చలిలో పడుకోబెడతామా? ఆయన చోటు తోర్‌లో, గుమ్మానికి ఎదురుగా. మీ ఇంట్లో పెద్దాయన్ని చెప్పుల దగ్గర కూర్చోబెడతారా కెప్టెనూ?"

"ఐదో మంచంలో అప్పటికి ఎవరున్నారు?"

"తాష్తాన్. నాకంటే నాలుగేళ్ళు చిన్న. డెబ్బై. ఓరోజ్‌ని చూడగానే గభాల్న లేచి, నువ్వు ఇటు రా అన్నా, అని తను వెళ్ళి ఆ రెండో మంచం మీద పడుకున్నాడు. ఓరోజ్ వద్దన్నాడు. తాష్తాన్ వినలేదు. మూడుసార్లు వద్దంటే మూడుసార్లూ బతిమాలాం. మర్యాద తెలిసిన మనుషులం."

"ఎన్నింటికి?"

"టీలు అయ్యాక. నర్సుపిల్ల కిందికి వెళ్ళింది."

బురుల్ కుబాత్ వైపు తిరిగింది. "తొమ్మిదింటికీ తొమ్మిదీ నలభైకీ మధ్య. ఎగిరి రాలేదు మేజర్. గౌరవంగా తీసుకొచ్చారు. ఇక చుక్క, కత్తి, అన్నీ గోడమీద నంబరు ప్రకారం నడిచిపోయాయి. కక్ష ఎక్కడుంది ఇందులో?"

కుబాత్ చేతిలో ఉన్న అరెస్టు కాగితాన్ని మడిచాడు, మళ్ళీ విప్పాడు. బయట జీపు హారను మోగింది. పావుగంట ముందే వచ్చేసింది.

ఇసాబెక్ కట్టులేని కంటితో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఆ పిల్లని వదిలేస్తారా అయితే?"

బురుల్‌కి జవాబు చెప్పాలనిపించింది. కానీ ఆమె కన్ను రెండో మంచం కింద ఆగిపోయింది. పరుపుకీ ఇనపచట్టానికీ మధ్యలోంచి తోలు అంచు ఒకటి వేలాడుతోంది. లాగింది. గుర్రపుకొరడా.

"ఇది ఎవరిది తాతా?"

"తాష్తాన్‌ది. మరిచిపోయాడు పాపం. కన్ను కట్టేసి పంపితే ఏం గుర్తుంటుంది మనిషికి?"

"కన్ను కట్టేసి?" బురుల్ నెమ్మదిగా అడిగింది. "తాష్తాన్‌కి ఆపరేషన్ జరగలేదు తాతా. ఆయన బదులు ఓరోజ్ వెళ్ళాడు. ఆయనకి కట్టెందుకు?"

"అదేమో నాకు తెలీదు. డాక్టరు మధ్యలో ఒకసారి వచ్చాడు. పదకొండూ ఇరవై అయుంటుంది, నన్ను అప్పుడే లోపలికి తీసుకెళ్తున్నారు. చేతిలో సూది. రెండో మంచం, ఎడమకన్ను, అన్నాడు. తాష్తాన్ మొహం ఎత్తాడు. రెండు నిమిషాలు పట్టలేదు. తర్వాత నేను అడిగాను, ఒరేయ్, నీకు కుడికన్ను కదరా పొర పట్టింది, ఎడమ బాగానే ఉంది కదా అని. నోరు ముయ్యి, నీకంటే డాక్టరుకి ఎక్కువ తెలుసు, అన్నాడు. నిజమే కదా మరి."

 వాకిట్లో జీపు ఇంజను ఆగలేదు.

గుమ్మంలో ఉల్జాన్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. నిద్రపోయిన బిడ్డ ఆమె భుజం మీద ఉంది. వెనక అత్తగారు.

"సూదికి పేరు అడిగే నియమం లేదు," అంది ఉల్జాన్. ఎవరికో పాఠం అప్పజెబుతున్నట్టు ఉంది గొంతు. "ఆపరేషన్లకే. సూదికి లిస్టు కూడా లేదు. నేను లోపల ఉన్నాను. సాయంత్రం రెండో మంచం కాగితం నేనే ఇచ్చాను. మూడు రోజులు విప్పొద్దు, శుక్రవారం మధ్యాహ్నం విప్పుకోండి అని రాసిచ్చాను. నవ్వుతూ తీసుకున్నారు. పొర పోయిందని నాకు దండం పెట్టారు."

ఇవాళ శుక్రవారం. పదకొండూ నలభై ఎనిమిది.

ఓరోజ్ కొడుకులు గేటు దగ్గర అరవడానికి వచ్చారు. తాష్తాన్ కోసం ఎవరూ రాలేదు. ఎవరూ ఎందుకు రాలేదో ఇప్పుడు బురుల్‌కి అర్థమైంది. కొండమీద ఒక గుడారంలో ఆయన మూడు రోజులుగా సంతోషంగా ఉన్నాడు.

కుబాత్ గొంతు ఈసారి పైకి లేవలేదు. "కెప్టెన్, మీరు ఈమెని ఒక కన్ను కేసులోంచి తప్పించారు." ఆపై మాట అతను పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేకపోయింది.

"విప్పకపోతే ఏమన్నా చెయ్యొచ్చా?" అని బురుల్ ఉల్జాన్‌ని అడిగింది.

"విప్పినా విప్పకపోయినా సూది పడిపోయిందక్కా. కొందరికి కొంత తిరిగొస్తుందంటారు. నేను చూడలేదు." ఉల్జాన్ బిడ్డని అత్తగారి చేతికిచ్చింది. "కానీ ఆ కన్నే ఆధారంగా గుర్రమెక్కే మనిషి. తెలియకుండా కొండ దిగితే లోయలో పడతారు. ఫోను ఇవ్వండి. నేనే చెప్తాను."

కింద గుమాస్తా పుస్తకంలో నంబరు దొరికింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి గాలి హోరు, దాని వెనక చాలామంది నవ్వులు, గొర్రె అరుపు. ఫోను ఎత్తింది ఒక ఆడపిల్ల.

"ఎవరూ?"

"కంటి ఆస్పత్రినుంచి. కట్టుతో వచ్చిన పెద్దాయన ఇల్లేనా?"

"అవునక్కా, మా మామగారే! చుట్టాలందర్నీ పిలిచాం. ఇప్పుడే..."

"ఆగమ్మా. ముందు ఆయన పేరు చెప్పు. పొరపాటు జరగకూడదు."

అవతల ఆ పిల్ల సిగ్గుగా నవ్వింది. "నేనెలా చెప్తానక్కా? కోడల్ని."

ఉల్జాన్ కళ్ళు మూసుకుంది. అత్తగారు రెండడుగుల దూరంలో, నిద్రపోతున్న మనవరాలిని గుండెకి హత్తుకుని చూస్తోంది.

"తాష్తాన్‌గారేనా?" అంది ఉల్జాన్. ఆగి, ఇంకొంచెం గట్టిగా అంది. "తాష్తాన్‌గారు. కుడికంటికి పొర. ఆయనేనా?"

బూబూష్ తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకోలేదు. తల వంచింది, అంతే.

"ఆయనేనక్కా," అంది అవతలి గొంతు. "ఇప్పుడే విప్పేశాం. కానీ ఆయన మామీద కోప్పడుతున్నారు. గుడారం నిండా పొగ పట్టింది, ముందు పొయ్యి ఆర్పండి అంటున్నారు."

గాలి హోరులో ఆ పిల్ల మాట సన్నబడింది.

"పొయ్యి మేం ఇంకా వెలిగించనే లేదక్కా."